కాలు వెనక్కి లాక్కున్న పాస్టర్ గారు: ఒక ఆసుపత్రి చాప్లిన్ కేసు నోట్సు

చెప్పు అడుగు నుంచి పైకి పొడుచుకొచ్చిన మేకు అది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఆ చెప్పుతోనే ఆయన రెండు రోజులు తిరిగారు. ఒక పెళ్ళి, ఒక సమాధి కార్యక్రమం, మూడిళ్ళలో ప్రార్థన. రెండో రోజు రాత్రి చెప్పులు సర్దుతుంటే ఆయన భార్యకు లోపల ఎండిన రక్తం కనబడింది. "ఏంటండీ ఇది?" అని ఆవిడ అడిగేదాకా అరికాల్లో మేకు దిగిన సంగతి ఆయనకే తెలియదు.

మా ఆసుపత్రికి వచ్చేసరికి ఆ గాయానికి పంతొమ్మిది రోజుల వయసు.

నేను డెల్టాలో ఒక మిషన్ ఆసుపత్రిలో చాప్లిన్‌గా, అంటే రోగుల పక్కన కూర్చుని మాట్లాడి ప్రార్థన చేసే సేవకుడిగా, పనిచేస్తున్నాను. తోటి చాప్లిన్లతో, కొందరు పాస్టర్లతో కలిసి కేసులు చదువుకునే కూడిక కోసం దీన్ని రాశాను. పాస్టర్ గారూ ఆయన భార్యా ఇద్దరూ ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాను. ఊరు, సంఘం, మరికొన్ని వివరాలు మార్చాను. పేరు ఎలాగూ పెట్టడం లేదు, 'పాస్టర్ గారు' అంటే చాలు. కేసు నాకు మొదట షుగర్ కేసులాగా, తర్వాత స్వస్థత సిద్ధాంతం (ప్రార్థన చాలు, మందు అక్కర్లేదనే బోధ) కేసులాగా కనబడింది. చివరికి రెండూ కాదని తేలింది. దేవుని మీద ఆధారపడుతున్నానని పూర్తిగా నమ్మిన మనిషి ఎవరి మీదా ఆధారపడకుండా బతకడం ఎలా నేర్చుకున్నాడన్నదే ఇందులో అసలు సంగతి.

మనిషి, నేపథ్యం

వయసు 54. పరిచర్యలోకి వచ్చి 22 ఏళ్ళు. ఏ మిషన్‌కూ చెందని స్వతంత్ర సంఘం. తొంభై కుటుంబాల దాకా ఉంటాయి. జీతం లేదు. మన దగ్గర 'విశ్వాస సేవ' అంటామే, అది. అవసరాన్ని దేవునికి తప్ప మనిషికి చెప్పకూడదు, కానుక ఏది వస్తే దానితో ఇల్లు గడవాలి. ఈ పద్ధతిని ఎగతాళి చేసేవాళ్ళను చూశాను, నాకు నచ్చదు. బ్రిస్టల్‌లో పది వేల మందికి పైగా అనాథ పిల్లల్ని ఎవరినీ నోరు తెరిచి అడగకుండా పెంచిన జార్జ్ ముల్లర్ (1805–1898) ఆ దారినే నడిచారు. తెలుగునాట స్వతంత్ర సంఘాల్లో ఆ జీవితాన్ని పస్తులుండి మరీ నిలబెట్టుకున్న సేవకులు ఎంతోమంది ఉన్నారు. మన పాస్టర్ గారి ఇంట్లో గోడ మీద ముల్లర్ ఫొటో ఉంటుందని ఆయన భార్య చెప్పారు.

షుగర్ బయటపడి తొమ్మిదేళ్ళు. మాత్రలు సరిగానే వేసుకునేవారు. ఆసుపత్రికి రావడానికి అయిదు నెలల ముందు ఒక ఉజ్జీవ కూడికలో స్వస్థత కావలసినవాళ్ళు ముందుకు రండి అని పిలిచారు. ఈయన వేదిక మీద సేవకుల వరసలో కూర్చుని ఉన్నారు. సేవకులు కూడా సిగ్గుపడకండి అన్నాడు ప్రసంగీకుడు. లేచి వెళ్ళారు. మైకు చేతికిచ్చారు. "ఈ రోజు నుంచి నా వైద్యుడు యేసయ్యే" అన్నారు. చప్పట్లు కొట్టారు, స్తోత్రాలు చెప్పారు.

ఆ మాట గదిలో మోకాళ్ళ మీద ఒంటరిగా అని ఉంటే మర్నాడు వెనక్కి తీసుకునే వీలుండేది. మైకులో అన్నారు. ఎదురుగా సొంత సంఘం వాళ్ళే రెండు ట్రాక్టర్ల మంది ఉన్నారు. ఇక మాత్ర వేసుకోవడమంటే అవిశ్వాసం, వేసుకుంటూ దొరికిపోవడమంటే పరువు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ పనిచేసిందో ఆయనే తర్వాత చెప్పారు, ఆ ముక్క దగ్గరికి వస్తాను.

చేర్చుకున్నప్పుడు షుగర్ 412, జ్వరం 102. పాదం వాచి, రెండో వేలూ మూడో వేలూ నల్లబడ్డాయి. సర్జన్ గారు సూటిగా చెప్పారు: ఇప్పుడు ఒప్పుకుంటే రెండు వేళ్ళతో పోతుంది, నాలుగు రోజులు ఆగితే ఎంత పోతుందో చెప్పలేను. పాస్టర్ గారు ఇన్సులిన్‌కు, సెలైన్‌కు ఊఁ అన్నారు (అప్పటికి మగతగా ఉన్నారు). ఆపరేషన్‌కు మాత్రం తల అడ్డంగా ఊపారు. సర్జన్ గారు నాకు ఫోన్ చేశారు: "మీ వాడే, మీరు మాట్లాడండి."

మొదటి రోజు: కుస్తీ

మొదటి రోజు నేను చేసింది తప్పు. కాబట్టి దాన్ని కొంచెం వివరంగానే రాస్తాను.

బైబిలు చంకన పెట్టుకుని వెళ్ళాను. "వందనాలు అయ్యగారూ" అంటే "వందనాలు, మీరు లూథరన్లా?" అన్నారు. అవునన్నాను. కళ్ళు మూసుకున్నారు. ఆ కళ్ళు మూసుకోవడం నన్ను గుచ్చింది. అక్కడి నుంచి నేను ఆయన కోసం మాట్లాడలేదు, ఆ మూసిన కళ్ళ మీద గెలవాలని మాట్లాడాను.

హిజ్కియా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేయమన్నది యెషయా ప్రవక్తే కదా అన్నాను. పౌలు పక్కన ఉన్న లూకా వైద్యుడు కాడా అన్నాను. తిమోతికి కడుపు జబ్బుంటే పౌలు చెయ్యి ఉంచి ప్రార్థన చేయలేదు, ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వెళ్ళాడు. అది చాలదన్నట్టు 1883లో గుంటూరుకు వచ్చిన మిషనరీ డాక్టర్ ఆనా కుగ్లర్ గారి దాకా వెళ్ళాను. ప్రార్థన చేసే మనిషే ఆసుపత్రి కట్టింది కదా అన్నాను.

ఆయన కళ్ళు తెరవకుండానే జవాబిచ్చారు. "వాళ్ళది మిషన్, మాది విశ్వాసం." తర్వాత రెండో దినవృత్తాంతములు 16వ అధ్యాయం ఎత్తుకున్నారు. ఆసా రాజుకు పాదములలో జబ్బు పుట్టింది. పాదములలో, అని నొక్కి పలికారు. యెహోవా యొద్ద విచారణ చేయక వైద్యులను నమ్ముకున్నాడు. ఏమయ్యాడు? చనిపోయాడు. "నేను ఆసాను కానండి."

కాలి జబ్బుకు కాలి జబ్బు వాక్యం. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ప్రార్థన చేస్తానన్నాను, చేసుకోండి అన్నారు. నేను చేసిన ఆ ప్రార్థన కూడా కళ్ళు మూసుకుని ఆయనకు చెప్పిన ప్రసంగమే.

ఆ సాయంత్రం సంభాషణను మాటకు మాట రాసుకున్నాను. చాప్లిన్ శిక్షణలో మాకు నేర్పే పని అది. ఈ శిక్షణకు ఆద్యుల్లో ఒకరైన ఆంటన్ బాయ్‌సెన్ స్వయంగా మానసిక ఆసుపత్రిలో రోగిగా ఉండి వచ్చినవాడు. 1925లో అమెరికాలోని వూస్టర్ ఆసుపత్రిలో వేదాంత విద్యార్థులను రోగుల దగ్గరికి పంపి, పుస్తకాలు చదివినంత శ్రద్ధగా మనుషుల్ని చదవమన్నాడు. రాసింది మా నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి చూపించాను. ఆవిడ రెండు పేజీలూ చదివి కాగితం తిప్పి ఇచ్చారు. "అయ్యగారూ, ఇందులో మీరు అడిగిన ప్రశ్నలు పదకొండు ఉన్నాయి. ఒక్కదానికీ మీకు జవాబు తెలియకుండా లేదు."

రాత్రి నిద్ర పట్టలేదు. ఆవిడ మాట తప్పని కాదు.

రెండో రోజు: డ్రెస్సింగ్

ఉదయం పదిన్నరకు డ్రెస్సింగ్ ట్రాలీ వచ్చింది. నేను గోడవార స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఈసారి బైబిలు తీసుకెళ్ళలేదు. డ్రెస్సింగ్ చేసే అమ్మాయి నర్సింగ్ చివరి సంవత్సరం విద్యార్థిని. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఖమ్మం వైపు మాట. మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, కిడ్నీ ట్రే కింద పెట్టి, "నాన్నగారూ, కాలు ఇటు పెట్టండి" అంది.

ఆయన పెట్టలేదు. మోకాలు మడిచి కాలు దుప్పట్లోకి లాక్కున్నారు. "వద్దమ్మా. నా కాళ్ళు నువ్వు పట్టుకోవడమేంటి? సామాను అక్కడ పెట్టు, మా ఆవిడ చేస్తుంది."

ఆ మాట వినగానే గుర్తు పట్టాల్సిన వాక్యం ఒకటుంది. నేనూ పట్టలేదు. ఇది నా ప్రతిభ కథ కాదని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను. నాకు అప్పుడు తోచింది ఒక్కటే, ఈయన సిగ్గుపడుతున్నాడని. మన పద్ధతిలో కాళ్ళు పట్టుకోవడానికి చాలా అర్థాలున్నాయి. పైగా సంఘంలో ఎవరైనా పాదాలకు మొక్కబోతే వారించడం ఈయనకు 22 ఏళ్ళ అలవాటు.

అమ్మాయి విసుక్కోలేదు. గ్లౌజులు వేసుకుని కూర్చుంది. "అమ్మగారు చేస్తే నాకు మార్కులు రావు నాన్నగారూ" అంది. ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మొహం గోడవైపు తిప్పేసుకుని, చాలా చిన్న గొంతుతో అన్నారు:

"వాసన వస్తుందమ్మా."

రెండు రోజుల్లో ఆయన తన గురించి చెప్పిన మొదటి నిజమైన మాట అదేనని నా నోట్సులో ఉంది.

"వస్తుంది. మాకు అలవాటే" అంది. ఆయన దుప్పట్లోంచి కాలు బయట పెట్టారు. ఆ అమ్మాయి మడమ కింద ఎడమ అరచెయ్యి పెట్టి ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో సెలైన్ పోస్తూ, తడి గాజ్‌తో మధ్య నుంచి అంచులకు తుడుచుకుంటూ వచ్చింది. చచ్చిన తోలు ఫోర్‌సెప్స్‌తో పట్టి కత్తిరిస్తుంటే నేను తల తిప్పుకున్నాను. ఆయనకు నొప్పి లేదు. నొప్పి లేకపోవడం ఆ గదిలో అన్నింటికంటే భయంకరమైన విషయం.

ఇక్కడ చిన్న పక్కదారి. వెల్లూరులో 1946 నుంచి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోవడం లేదని కనిపెట్టారు. నొప్పి తెలియక కాల్చుకుని, కోసుకుని, అదే పుండు మీద నడిచి పోగొట్టుకుంటున్నారు. షుగర్ కాళ్ళ సంగతీ అంతేనని తర్వాత తేలింది. దీన్ని పాపానికీ గర్వానికీ పోలిక పెట్టి చెప్పడం ప్రసంగాల్లో అరిగిపోయిన ఉదాహరణే. నేనే ఎన్నోసార్లు వాడాను. కానీ ఆ రోజు ఫోర్‌సెప్స్ కింద ఉన్న పాదాన్నీ, ప్రశాంతంగా పైకప్పు చూస్తున్న ఆ మొహాన్నీ ఒకేసారి చూశాక దాన్ని మళ్ళీ ప్రసంగంలో వాడలేదు.

కట్టు కట్టి అమ్మాయి వెళ్ళిపోయాక జరిగిన మాటలు నోట్సులోంచి దింపుతున్నాను.

నేను: అయ్యగారూ, మీ సంఘంలో మీకోసం ప్రార్థన చేస్తారా?
ఆయన: అందరూ చేస్తారు. ప్రతి శుక్రవారం.
నేను: ఏమని చేస్తారు?
ఆయన: పరిచర్య కోసం. వాడబడాలని.
నేను: కాలి కోసం?
ఆయన: (చాలాసేపటికి) వాళ్ళకు తెలియదు.
నేను: కుంటుతుంటే అడగలేదా?
ఆయన: ముల్లు గుచ్చుకుందని చెప్పాం.

'చెప్పాం' అన్నప్పుడు గుమ్మం దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ భార్య లోపలికి వచ్చారు. అప్పటిదాకా ఆవిడ నాతో 'వందనాలండి' తప్ప ఏమీ మాట్లాడలేదు. ఫ్లాస్కు కింద పెట్టి అన్నారు: "నేనే చెప్పాను అయ్యగారూ. మూడు వారాల నుంచి అడిగినవాళ్ళందరికీ అబద్ధం చెప్పాను. రాత్రిళ్ళు పసుపు పెట్టి కట్టు కట్టాను. ఈయన దేవుని మీద ఆనుకున్నానంటారు. ఈయన అబద్ధం నా మీద ఆనుకుంది."

గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈ కేసులో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే, ఆ నిశ్శబ్దంలోకి వాక్యం తొయ్యకపోవడమే.

తర్వాత ఆయనే అన్నారు, "కాపరికే రోగమైతే గొర్రెలు ఎక్కడికి పోతాయండీ?" కాసేపాగి, "మైకులో అన్నాను కదా" అన్నారు. ఇంకాస్త ఆగి, "దేవుడు ఏమనుకుంటాడో అని కాదండి. వాళ్ళేమనుకుంటారో అని."

ముల్లు

ఆ సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఆయనే బైబిలు తెరిపించారు. "పౌలుకు కూడా ముల్లే కదండీ" అని నవ్వారు. ముల్లు గుచ్చుకుందని ఇంట్లో చెప్పిన అబద్ధం ఆయన నోట్లోనే వాక్యంగా మారింది. తెలుగు బైబిల్లో 'శరీరములో ఒక ముల్లు' అని ఉండబట్టి దొరికిన దారి అది, నేను వేసింది కాదు.

రెండో కొరింథీ 12 చదివాం. మూడుసార్లు వేడుకున్నాడు. పోలేదు. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." ఈ వాక్యం ఆయన గోడ క్యాలెండర్ మీద ఏళ్ళ తరబడి వేలాడుతూ ఉంది. నేను ఒక్క ప్రశ్న అడిగాను. ఆయన ఏం జవాబిస్తారో ఈసారి నిజంగానే నాకు తెలియదు. "ఈ ముల్లు సంగతి మనకెలా తెలిసింది అయ్యగారూ?"

"పౌలు రాశాడు."

"ఎవరికి?"

"సంఘానికి..." అని ఆగిపోయారు.

అవును. కొరింథు సంఘానికి. అది కూడా ఈయన అసలు అపొస్తలుడేనా అని మూతి విరుస్తున్న సంఘానికి. దేవునితో ఒంటరిగా మూడుసార్లు మాట్లాడిన మనిషి, ఆ మాటల్ని తనను చిన్నచూపు చూసేవాళ్ళకు ఉత్తరం రాసి పంపాడు. మా పాస్టర్ గారు వాక్యంలో మొదటి సగం బతికారు. రెండో సగం దాచారు.

ముల్లర్ మాట కూడా ఆయనే ఎత్తారు. ముల్లర్ ఎవరినీ అడగలేదు కదా అన్నారు. అడగలేదు, నిజమే. కానీ ఏటేటా నివేదిక అచ్చువేసి, వచ్చిన ప్రతి పెన్నీకీ లెక్క చూపించి, దేవుడు ఏమేం పంపాడో ఊరందరికీ చెప్పాడు. చెయ్యి చాపకపోవడం వేరు, చెయ్యి ముడుచుకోవడం వేరు. ముల్లర్ది మొదటిది. ఈయనది మొదటిదిలా మొదలై ఎప్పుడో రెండోదైపోయింది. సంఘంలో ఒక పెద్ద ఈయన్ని ఆసుపత్రికి వెళ్ళమని రెండుసార్లు చెప్పాడట. ఆ పెద్దను కమిటీలోంచి తప్పించారు. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారింది, ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఇంటికెళ్ళి ఆసా అధ్యాయం మొదటి నుంచి చదివితే తెలిసింది.

ఆసా కథ వైద్యుల దగ్గర మొదలవదు. అదే అధ్యాయం మొదట్లో అతను దేవాలయపు వెండి బంగారాలు తీసి సిరియా రాజు బెన్హదదుకు పంపి సాయం కొనుక్కున్నాడు. హనానీ అనే దీర్ఘదర్శి వచ్చి తప్పు అని చెప్పాడు. చెప్పిన పాపానికి అతణ్ణి బందీగృహంలో వేయించాడు. జబ్బు ముప్పై తొమ్మిదో ఏట వచ్చింది. అప్పటికే ఆసా నిజం చెప్పేవాళ్ళను దూరం పెట్టి ఏళ్ళయింది. ఆ వాక్యం వైద్యుణ్ణి తిట్టడం లేదు, ఎవరి మాటా చెవికెక్కని రాజును చూపిస్తోంది. పాస్టర్ గారు అధ్యాయం చివర ముక్క ఎత్తుకుని నాకు చదివారు. మొదటి ముక్క ఆయనకు గుర్తుంది కాబట్టే గొంతు మారింది.

నా అంచనా

ఆత్మీయ గర్వం చెడ్డ జీవితంలో పుట్టదు. మంచి జీవితంలో, ప్రార్థన, ఉపవాసం, నిజాయితీ ఉన్నచోట పుడుతుంది. అందుకే దాన్ని గర్వం అని పిలవడానికి నోరు రాదు. లూకా 18లో పరిసయ్యుడు నేనే గొప్పవాణ్ణి అనలేదు. దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. మాటలన్నీ కృప మాటలే. సుంకరి అడిగాడు, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అని. తేడా మాటల్లో దొరకదు. ఒకరికి ఇంకా ఏదో కావాలి, ఇంకొకరికి ఏమీ అక్కర్లేదు.

మన పాస్టర్ గారిలో వినయం నటన కాదు. ఆయన నిజంగానే కింద కూర్చుంటారు, నిజంగానే ఎంగిలి పళ్ళేలు ఎత్తుతారు. ఇవ్వడంలో, చేయడంలో ఆయన వినయానికి లోటు లేదు. తీసుకోవడంలో మాత్రం అది నిలబడలేదు. సేవ చేసేవాడు ఎంత కిందికి వంగినా పైచేయి అతనిదే. కాలు ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడు మాత్రం చేతిలో ఏమీ ఉండదు. లూథరన్ని కాబట్టి నాకు గుర్తొచ్చింది రాస్తున్నాను: మార్టిన్ లూథర్ 1546 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు ఆయన దగ్గర దొరికిన కాగితంలో చివరి మాటలు ఇవి, 'మనం బిచ్చగాళ్ళం. ఇది నిజం.' జీవితమంతా బైబిలు బోధించిన మనిషి చివర రాసుకున్నది అది.

ఈ కేసును 'మూఢనమ్మకం' అని కొట్టేసే వైద్య మిత్రులకు ఒక మాట. ఆయన మాత్రలు మానింది అజ్ఞానంతో కాదు. షుగర్ గురించి మీకంటే బాగా చెప్పగలరు. 'మాత్రా, దేవుడా' అని తేల్చుకోమనే ప్రశ్న ఆయన ముందు పెట్టడమే ఆయన్ని ఓడించడం. సర్జన్ గారు మొదటి రోజు "మీ దేవుడు వచ్చి వేళ్ళు అతికిస్తాడా?" అన్నారని తర్వాత తెలిసింది. ఆ ఒక్క మాటకు మాకు ఒక రోజు ఖర్చయింది. నా కుస్తీకి ఇంకో సగం రోజు.

సంతకం

మూడో రోజు డ్రెస్సింగ్‌కు అదే అమ్మాయి వచ్చింది. కాలు ఆయనే ముందుకు పెట్టారు. నీళ్ళు పోస్తుంటే ఉన్నట్టుండి నావైపు తిరిగి, "పదమూడో అధ్యాయం" అన్నారు. యోహాను 13. ప్రభువు పాదాలు కడగడం.

"ప్రతి ఏడూ శ్రమల వారంలో చెబుతానండి. ఒకరి పాదాలు ఒకరు కడగండి అని. కడగమనే చెప్పాను. కడిగించుకోమని ఒక్కసారీ చెప్పలేదు." పేతురు మాట ఆయనే పలికారు: "నీవెన్నడును నా పాదములు కడుగరాదు." పలికి, నిన్న తాను అన్నది గుర్తొచ్చిందేమో, అమ్మాయి వైపు చూశారు. ఆ పిల్లకు ఇదంతా తెలియదు. "కదలకండి నాన్నగారూ" అంది.

ఆ తర్వాత ప్రభువు ఇచ్చిన జవాబు కఠినంగా ఉంటుంది. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు." పేతురు మాట పైకి వినయమే. గురువుగారు తన కాళ్ళు పట్టుకోవడమేంటని. ఆ వినయాన్ని ప్రభువు ఒప్పుకోలేదు.

సంతకం వెంటనే పెట్టలేదు. ఇది సినిమా కాదు. ముందు ఫోన్ అడిగారు. తప్పించిన ఆ పెద్దకు చేశారు. స్పీకర్ పెట్టలేదు కాబట్టి అవతలి మాటలు నాకు తెలియవు. ఇవతల వినబడినవి ఇవి: "వందనాలు బ్రదర్... ఆసుపత్రిలో ఉన్నాను... ముల్లు కాదు... షుగర్... లేదు, మాత్రలు మానేశాను... సంఘానికి చెప్పండి. లేదు, మీరే చెప్పండి. ఉన్నది ఉన్నట్టు." ఫోన్ భార్య చేతికిచ్చి, ఆవిడ వైపు చూడకుండా, "నువ్విక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు" అన్నారు. ఆవిడ ఫ్లాస్కు తీసుకుని నీళ్ళకని బయటికి వెళ్ళారు. అరగంట దాకా రాలేదు.

సాయంత్రం నాలుగింటికి సంతకం పెట్టారు. రెండు వేళ్ళు తీశారు. తొమ్మిది మంది సంఘస్థులు ఆటోల్లో వచ్చి వరండాలో కూర్చున్నారు. ఆ పెద్ద రక్తం ఇచ్చాడు. గొర్రెలు ఎక్కడికీ పోలేదు. ఒకటి రెండు కుటుంబాలు మాత్రం 'విశ్వాసం లేని పాస్టర్' అని వేరే సంఘానికి వెళ్ళిపోయాయి. ఆయన భయం పూర్తిగా అబద్ధం కాదు, ఆ సంగతి దాచను.

తర్వాత

నాలుగు నెలలకు కృతజ్ఞతా కూడిక పెట్టి నన్ను పిలిచారు. శాలువా కప్పి వేదిక మీద కూర్చోబెట్టారు. ఆయన సాక్ష్యం చెప్పారు. "డాక్టర్లు మోకాలి దాకా తీసేయాలన్నారు, దేవుడు రెండు వేళ్ళతో ఆపాడు!" స్తోత్రాలు. డాక్టర్లు అలా అనలేదు. చప్పట్ల మధ్య ఆయన గొంతు మళ్ళీ ఆ పాత మైకు గొంతులా వినబడింది. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి సరిచేయాలనిపించింది. కాసేపటికి ఇంకో విషయం కూడా గమనించాను: సాక్ష్యంలో నా పేరు రాలేదు. చిరాకులో సగం దానికే.

సాక్ష్యం చివర మాత్రం, పేపరు చూడకుండా, రెండు వాక్యాలు అన్నారు. రోజూ రెండుసార్లు ఇన్సులిన్ వేసుకుంటున్నానని, అది ఇంటి ముందు అరుగు మీదే కూర్చుని వేసుకుంటున్నానని. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఒక ముసలమ్మ, "నేనూ అంతే అయ్యగారూ" అంది గట్టిగా. అందరూ నవ్వారు.

ఆ ఊళ్ళో ఇప్పుడు నెలకోసారి మా ఆసుపత్రి నర్సులు వెళ్ళి పాదాలు చూసి వస్తున్నారు. నైలాన్ తీగతో వేళ్ళ కింద తాకించి, తెలుస్తోందా లేదా అని అడుగుతారు. మందిరంలోనే చాపలు వేసి చేస్తారు. పాస్టర్ గారు ఎంసీఆర్ చెప్పులు వేసుకుని తిరుగుతున్నారు, మెత్తటి అడుగున్నవి. రాత్రి పడుకోబోయే ముందు చెప్పుల్లో చెయ్యి పెట్టి చూసుకోవడం భార్య నేర్పారట.

నాకు మాత్రం ప్రతి సోమవారం ఉదయం వాట్సాప్‌లో ఒక ఫొటో వస్తుంది. గ్లూకోమీటరు, మీద నంబరు. కింద వందనాలు లేవు, వాక్యం లేదు. 138. 151. 129. నేనూ ఏమీ రాయను, చూసినట్టు గుర్తు పడుతుంది, అంతే. మూడు వారాల కిందట 241 వచ్చింది. ఊళ్ళో ఎవరింట్లోనో పెళ్ళి అయి ఉంటుంది. అది కూడా పంపారు.